పిండిని పొంగించే పదార్థాలు

రొట్టె, కేకు, బిస్కట్టు, నాన్, ఇడ్లీ వంటి వంటకాలలో పిండిని గుల్లబరచి, తయారైన వంటకం తేలికగా, మెత్తగా ఉండేటట్లు చేసే పదార్థాలను పొంగించే పదార్థాలు అంటారు. పులిసిన పిండి, ఈస్టు, వంట సోడా, బేకింగ్ పౌడర్, అమ్మోనియం బైకార్బనేట్ వీటిలో ముఖ్యమైనవి. పిండిలో చిక్కుకున్న గాలిని, వేడికి పుట్టే నీటి ఆవిరిని కూడా ఈ వర్గంలోనే చేరుస్తారు. వీటన్నింటి పని ఒక్కటే, పిండిలో వాయువును పుట్టించడం లేదా ఉన్న వాయువును వ్యాకోచింపజేయడం. అయితే వాయువు పుట్టినంత మాత్రాన పిండి పొంగదు. పుట్టిన వాయువును బయటికి పోనీయకుండా పట్టి ఉంచే గోడ పిండిలో ఉండాలి, ఆ గోడ వాయువుతోపాటు సాగాలి, సాగిన గోడ వేడికి సరైన సమయంలో గట్టిపడాలి. గోడ లేకపోతే వాయువు తప్పించుకొని పిండి అణగిపోతుంది. గోడ ముందుగానే బిగుసుకుంటే పగులుతుంది. ఆలస్యంగా బిగుసుకుంటే పొంగినది కూలిపోతుంది. పొంగించే పదార్థాల చరిత్ర ఒక విధంగా ఈ మూడు పనులనూ ఒకే సమయానికి కుదుర్చుకోవడానికి మనుషులు పడిన పాట్ల చరిత్ర.

వీటిలో మనిషి మొదట ఎరిగినది, పందొమ్మిదో శతాబ్దం దాకా రొట్టె తినే దేశాలలో అత్యధికంగా వాడినది పులిసిన పిండి. నిన్నటి పిండిలో కొంత దాచి నేటి పిండిలో కలపడమే ఆ పద్ధతి. మత గ్రంథాలలో ఈ పదార్థానికి ఏర్పడిన ఆలంకారిక అర్థం కూడా ఈ పద్ధతిలోంచే వచ్చింది. పొట్లంలో దొరికే ఈస్టును మనసులో పెట్టుకొని ఆ గ్రంథాలను చదివేవారికి ఆ అర్థంలో సగమే అందుతుంది.

వాయువు, దానిని పట్టే గోడ

రొట్టెల ప్రపంచంలో గోధుమకు దక్కిన అగ్రస్థానానికి కారణం దాని పిండిలోని గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు మాంసకృత్తులు. పొడిపిండిలో ఇవి విడివిడిగా ఉండిపోతాయి. నీరు చేరి, చేతితోనో యంత్రంతోనో మర్దన జరిగినప్పుడు ఒకదానితో ఒకటి పెనవేసుకొని గ్లూటెన్ అనే వలగా అల్లుకుంటాయి. గ్లయాడిన్ ఆ వలకు సాగే గుణాన్ని ఇస్తే, గ్లూటెనిన్ సాగినది తిరిగి ముడుచుకొనే బిగువును ఇస్తుంది. మర్దన సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి బేకరీ పనివారు ముద్దలోంచి చిన్న ఉండంత పిండి తీసి, రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా నాలుగు వైపులకూ సాగదీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటారు. వెనక ఉన్న వేళ్ల నీడ కనిపించేంత పలుచన అయ్యేదాకా పొర చిరగకపోతే ఆ పిండి వాయువును పట్టగలదని అర్థం, మధ్యలోనే చిల్లు పడితే ఇంకా పిసకాలి.

మర్దన వల్ల కలిగే మరో ప్రయోజనం పైకి కనిపించదు. ఈస్టు విడిచే కార్బన్ డయాక్సైడ్, అంటే పాత పాఠ్యపుస్తకాలలోని బొగ్గుపులుసు వాయువు, తనంత తానుగా కొత్త బుడగలను పుట్టించలేదు. అది మొదట పిండిలోని నీటిలో కరిగి, పిసికేటప్పుడు చిక్కుకున్న అతి చిన్న గాలి బుడగలలోకి చేరి వాటిని ఉబ్బిస్తుంది. గాలి తీసివేసిన పాత్రలో పిసికిన పిండితో చేసిన రొట్టెలో రంధ్రాలు కొద్దిగా, పెద్దవిగా, మొరటుగా ఉంటాయని ప్రయోగాలలో తేలింది. అందువల్ల రొట్టెను కోసినప్పుడు కనిపించే రంధ్రాల అల్లిక చాలావరకు పొయ్యిలోకి వెళ్లకముందే నిర్ణయమై ఉంటుంది.

పొయ్యిలో చేరిన తరువాత మార్పులు వేగంగా, ఒకదాని వెంట ఒకటిగా సాగుతాయి. వేడి పెరిగే కొద్దీ ఈస్టు మరింత చురుకుగా పనిచేస్తుంది, నీటిలో కరిగి ఉన్న వాయువు వెలువడుతుంది, బుడగలలోని వాయువు వ్యాకోచిస్తుంది, పులియడంలో పుట్టిన ఆల్కహాలు ఆవిరవుతుంది. మొదటి కొద్ది నిమిషాలలోనే రొట్టె ఒక్కసారిగా ఎత్తు పెరగడానికి కారణం ఇదే. లోపలి ఉష్ణోగ్రత 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ చేరేసరికి ఈస్టు చనిపోతుంది. ఆ ప్రాంతంలోనే పిండిపదార్థం నీటిని పీల్చి ఉబ్బడం మొదలవుతుంది, 70 డిగ్రీలు దాటిన తరువాత మాంసకృత్తుల వల గడ్డకట్టి స్థిరపడుతుంది. చివరి దశలో బుడగల గోడలు పగిలి ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటాయి. ఆ పగలడం లోపం కాదు. గోడలు మూసుకొనే ఉండిపోతే, చల్లారేటప్పుడు లోపలి ఆవిరి నీరై కుంచించుకుపోయి రొట్టె నడుమ కుంగిపోతుంది.

బియ్యం, జొన్న, రాగి, సజ్జలలో గ్లూటెన్ లేదు. తెలంగాణ, రాయలసీమ ఇళ్లలో జొన్నపిండిని వేణ్ణీళ్లతో కలపడం ఈ లోటును తీర్చుకొనే ఉపాయం: వేడినీటికి జొన్నలోని పిండిపదార్థం కొంత ఉడికి జిగురెక్కి, రొట్టెను చేతితో చరచి వెడల్పు చేయడానికి కావలసినంత పట్టును ఇస్తుంది. ఆ రొట్టె పెనం మీద పొంగేది కేవలం లోపలి నీటి ఆవిరి వల్ల. గ్లూటెన్ లేని ధాన్యాన్ని పులియబెట్టి గుల్లగా పొంగించాలంటే మాత్రం వాయువును పట్టే గోడను మరోచోటి నుంచి తెచ్చుకోవాలి. దక్షిణ భారతదేశం ఆ గోడను మినుములలో కనుగొంది.

ఇడ్లీ పిండి

ఇడ్లీకి మినప్పప్పు ఒక పాలు, బియ్యం లేదా కోస్తా ఆంధ్రలో వాడుకగా ఉన్న ఇడ్లీ రవ్వ రెండు నుంచి మూడు పాళ్లు తీసుకుంటారు. రెండింటినీ కలిపి రుబ్బకుండా పప్పును విడిగా, ఎక్కువసేపు, కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ రుబ్బుతారు. మినుములలోని గ్లోబ్యులిన్ మాంసకృత్తులు, అరబినోగాలక్టాన్ అనే జిగురు పదార్థం కలిసి గాలిని పట్టే నురగగా మారేది ఈ రుబ్బులోనే. రుబ్బు పూర్తయిందని తెలుసుకోవడానికి గిన్నెడు నీళ్లలో కొంచెం పిండి జారవిడుస్తారు. అది మునగకుండా తేలితే పిండిలో చాలినంత గాలి చేరిందన్న మాట. వెచ్చని కాలంలో ఒక్క రాత్రికే పొంగి గిన్నె అంచు దాకా వచ్చే పిండి, చలికాలంలో మరునాటి మధ్యాహ్నం దాకా కదలకపోవడం ప్రతి ఇంటికీ అనుభవమే.

బేకరీ రొట్టెలో ఈస్టు చేసే పనిని ఇడ్లీ పిండిలో ప్రధానంగా బాక్టీరియాలు చేస్తాయి. వీటిలో ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనేది ముఖ్యమైనది. ఇది చక్కెరలను లాక్టిక్ ఆమ్లంగా మాత్రమే మార్చి ఊరుకోక, దానితోపాటు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా విడుదల చేసే జాతికి చెందింది, కనుక పులుపు, పొంగు రెండూ ఒకే జీవి వల్ల కలుగుతాయి. పిండి పుల్లబడే కొద్దీ ఎంటెరోకాకస్, పెడియోకాకస్ వంటి ఇతర బాక్టీరియాలు బలపడతాయి. ఈ జీవులను ఎవరూ తెచ్చి వేయనక్కరలేదు. అవి పప్పును అంటిపెట్టుకొనే వస్తాయి. పాత పిండిని తోడుగా వేయకపోయినా ఇడ్లీ పిండి పులియడానికి కారణం అదే. ఇలా పులిసిన పిండిలో కొన్ని బి విటమిన్లు పెరుగుతాయి, ఇనుము, జింకు వంటి ఖనిజాలను శరీరానికి అందకుండా పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి.

ఇడ్లీ పేరు పాతదే గాని, ఈ పద్ధతి అంత పాతదో కాదో గ్రంథాలు తేల్చి చెప్పవు. క్రీ.శ. 920 ప్రాంతపు కన్నడ గ్రంథం వడ్డారాధనెలో ఇడ్డలిగె అన్న పేరు కనిపిస్తుంది. పన్నెండో శతాబ్దంలో పశ్చిమ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు సంస్కృతంలో రచించిన మానసోల్లాసంలో ఇడ్డరిక తయారీ ఉంది. అయితే ఇడ్డరిక మినప పిండితో చేసినదే, అందులో బియ్యం ప్రసక్తి లేదు. బియ్యం చేర్చడం, రాత్రంతా పులియబెట్టడం తరువాతి కాలంలో స్థిరపడిన పద్ధతులని ఆహార చరిత్రకారులు భావిస్తారు.

పులిసిన పిండి, దాని వంశం

గోధుమ పిండిని నీళ్లతో కలిపి కొన్ని రోజులు ఉంచితే పిండి మీదా గాలిలోనూ ఉండే ఈస్టులు, లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలు అందులో పెరిగి బుడగలు పుట్టిస్తాయి. రోజూ కొంత పాత ముద్దను తీసి కొత్త పిండి, నీళ్లు చేరుస్తూ పోతే ఆ పరిసరాలకు తట్టుకోగల జీవులు మాత్రమే మిగిలి, ముద్ద స్థిరమైన స్వభావాన్ని సంతరించుకుంటుంది. క్రీ.పూ. రెండువేల ప్రాంతపు ఈజిప్టు అధికారి మేకెట్రే సమాధిలో దొరికిన కొయ్య నమూనాలో రొట్టెల పని, బీరు తయారీ ఒకే కప్పు కింద కనిపిస్తాయి; రెండింటినీ నడిపే శక్తి ఒకటేనని ఆ పనివారు అనుభవంతో గ్రహించి ఉండాలి. క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్రలో చిరుధాన్యపు పిండిని ద్రాక్షరసంతో కలిపి పులియబెట్టడాన్ని, మామూలుగా మాత్రం ముందురోజు పిండినే దాచి వాడడాన్ని వివరించాడు. గాల్, స్పెయిన్ ప్రజలు బీరు నురగతో పిండిని పొంగించడం వల్ల వారి రొట్టె మిగతావారి రొట్టె కంటే తేలికగా ఉంటుందని కూడా ఆయన రాశాడు. పులిసిన పిండి, బీరు ఈస్టు అనే రెండు మార్గాలూ అప్పటికే వేరుపడి ఉన్నాయని దీనివల్ల తెలుస్తుంది.

ఒకే ముద్దలో ఈస్టు, బాక్టీరియా ఏళ్ల తరబడి కలిసి ఎలా బతుకుతాయన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం 1971లో దొరికింది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు పుల్లరొట్టెలను పరిశీలించిన లియో క్లైన్, ఫ్రాంక్ సుగిహరా అందులోని ఈస్టు మాల్టోజ్ అనే చక్కెరను వాడుకోలేదని, బాక్టీరియాకు ఆ చక్కెరే ప్రధాన ఆహారమని చూపారు. ఒకదాని ఆహారాన్ని మరొకటి ముట్టదు. బాక్టీరియా పెంచే పులుపును ఈ ఈస్టు తట్టుకుంటుంది. అదే పులుపు బయటి జీవులను లోపలికి రానీయదు. ఆ బాక్టీరియాకు నగరం పేరే పెట్టారు.

తూర్పు, ఉత్తర ఐరోపాలో రై ధాన్యపు రొట్టెకు పులుపు రుచి కోసమే కాదు, రొట్టె నిలబడడానికి కూడా కావాలి, ఎందుకంటే రై పిండిలోని ఎంజైములు పిండిపదార్థాన్ని పొయ్యిలోనే కరిగించి లోపల బంకగా మార్చివేస్తాయి, ఆమ్లం వాటి జోరును తగ్గిస్తుంది. ఇథియోపియాలో టెఫ్ పిండితో చేసే ఇంజెరాకు, కిందటి పిండిపై తేరిన ఎర్షో అనే పసుపుపచ్చని నీటిని తోడుగా వాడతారు. గోవాలో పోర్చుగీసుల కాలం నుంచి రొట్టెను పొంగించడానికి, కేరళలో అప్పానికి కల్లు ఉపయోగపడింది. కల్లులోని ఈస్టు, పిండిలోని చక్కెరతో తన పనిని కొనసాగిస్తుంది.

ఈస్టు

ఈస్టు శిలీంధ్ర వర్గానికి చెందిన ఏకకణ జీవి. రొట్టెలోనూ బీరులోనూ పనిచేసే జాతి పేరు శాకరోమైసిస్ సెరివిసియే. దాని కణం వ్యాసం సుమారు 5 నుంచి 10 మైక్రోమీటర్లు. పిండిలోని ఎంజైములు పిండిపదార్థాన్ని మాల్టోజ్‌గా విడగొడితే, ఈస్టు దానిని గ్లూకోజ్‌గా మార్చి, ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి రెండేసి ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడ్ అణువులను విడుదల చేస్తుంది. ఈ చర్యకు తెలుగు శాస్త్ర గ్రంథాలు కిణ్వనం అనే పేరు వాడతాయి. గాలి బాగా అందినప్పుడు ఈస్టు ఆల్కహాలు చేయడం తగ్గించి తన సంతతిని పెంచుకోవడంపై పడుతుంది. ఈస్టు కర్మాగారాలలో చెరకు మడ్డి ద్రావణంలోకి నిరంతరం గాలిని ఊదడం ఆ గుణాన్ని వాడుకోవడానికే.

బీరు తయారీదారుల నుంచి తెచ్చిన నురగతో రొట్టె చేయడం ఐరోపాలో ఎప్పుడూ నిర్వివాదంగా సాగలేదు. పారిస్‌లో 1668లో వైద్య ఆచార్యుల సభ బీరు ఈస్టు ఆరోగ్యానికి చేటు అని తీర్పు చెప్పింది. 1670లో అక్కడి న్యాయస్థానం దాని వాడకాన్ని అనుమతించింది. ఆ వైద్యులను మూఢులని తీసివేయడం న్యాయం కాదు, ఎందుకంటే నాటి బీరు నురగ తరచు మురిగిన, చేదెక్కిన సరుకు, అందులో ఏముందో చెప్పగలవారు లోకంలో ఎవరూ లేరు. డచ్చి పరిశీలకుడు లేవెన్‌హోక్ 1680లో బీరులోని గుండ్రని రేణువులను సూక్ష్మదర్శినిలో చూశాడు గాని అవి జీవులని అనుకోలేదు. అవి మొగ్గతొడుగుతూ పెరిగే జీవకణాలని 1830లలో ఫ్రాన్స్‌లో కాన్యార్ ద లా తూర్, జర్మనీలో థియోడార్ ష్వాన్ విడివిడిగా ప్రకటించారు. అప్పటి రసాయన శాస్త్రంలో పెద్ద గొంతుగా ఉన్న లీబిగ్ దానిని ఒప్పుకోక, పులియడం కుళ్లుతున్న పదార్థంలో జరిగే రసాయన చర్య మాత్రమేనని వాదించాడు. లూయీ పాశ్చర్ 1857 నుంచి వరుసగా చేసిన ప్రయోగాలు ఆ వాదాన్ని కొట్టివేశాయి. మళ్లీ 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టు కణాలను నూరి తీసిన, జీవకణం ఒక్కటీ లేని రసం కూడా చక్కెరను పులియబెడుతుందని చూపి, జీవి లోపల పనిచేసేది ఎంజైము అని నిరూపించాడు. దానికి ఆయనకు 1907లో నోబెల్ బహుమతి లభించింది. ఒక విధంగా లీబిగ్ వాదంలోనూ కొంత సత్యం ఉందని ఈ ప్రయోగం తేల్చింది. కేంద్రకం గల జీవులలో మొట్టమొదట పూర్తి జన్యుక్రమం వెల్లడైనది కూడా ఈ రొట్టె ఈస్టుదే, 1996లో.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో వియన్నా నగరంలో, నురగను సేకరించి కడిగి, నీరు పిండి, ముద్దలుగా కోసి అమ్మే పద్ధతి అభివృద్ధి చెందింది. చార్లెస్ ఫ్లైష్‌మన్ దానిని 1868లో అమెరికాలోని సిన్సినాటికి తీసుకువెళ్లాడు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఏర్పాటు చేసిన వియన్నా బేకరీ ఆ ఈస్టుకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యం కోసం చల్లదనం అక్కరలేని ఎండు ఈస్టు వచ్చింది. ఇంగ్లండులో 1961లో రూపొందిన చోర్లీవుడ్ పద్ధతి, యంత్రాల తీవ్ర మర్దనతో గంటల తరబడి పట్టే పులియబెట్టే దశను దాదాపు తొలగించింది. రొట్టె చౌకైంది, పరిమాణం పెరిగింది; కానీ నెమ్మదిగా పులిసేటప్పుడు పుట్టే రుచి, వాసన ఆ తొందరలో పోయాయి. ఆ నష్టం చిన్నది కాదు.

వంట సోడా, బేకింగ్ పౌడర్

జీవుల ప్రమేయం లేకుండా, కేవలం రసాయన చర్యతో వాయువును పుట్టించే పదార్థాలు పద్దెనిమిదో శతాబ్దం చివర వంటింటికి చేరాయి. మొదటిది కట్టెల బూడిద నుంచి తీసి శుద్ధి చేసిన పొటాషియం కార్బనేట్. 1790లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు శామ్యూల్ హాప్కిన్స్‌కు ఈ పదార్థపు తయారీ పద్ధతికే దక్కింది. 1796లో వెలువడిన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలో దీనిని పిండిలో కలిపే వంటకాలు ఉన్నాయి. తరువాత సోడియం బైకార్బనేట్ దీని స్థానాన్ని ఆక్రమించింది. తెలుగు ఇళ్లలో వంట సోడా, తినే సోడా అని పిలిచేది ఇదే.

సోడా ఒంటరిగా సగం పనే చేస్తుంది. ఆమ్లం తగిలితే దానిలోని కార్బన్ డయాక్సైడ్ మొత్తం వెలువడుతుంది, ఒక గ్రాము సోడా నుంచి గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 290 మిల్లీలీటర్ల వాయువు వస్తుంది. ఆమ్లం లేక కేవలం వేడితో విడిపోతే అందులో సగమే వస్తుంది, మిగిలిన సోడియం కార్బనేట్ సబ్బు రుచిని, పసుపు రంగును అంటగడుతుంది. ఆంధ్ర హోటళ్లలో మైసూరు బజ్జీకి మైదాను పుల్లని పెరుగుతో కలిపి తరువాత సోడా వేయడంలో ఈ రసాయన శాస్త్రమంతా ఇమిడి ఉంది. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం సోడాను పూర్తిగా పనిచేయించి బజ్జీ లోపల జాలీలా గుల్లబరుస్తుంది. పెరుగు తియ్యగా ఉండి సోడా ఎక్కువైతే బజ్జీ నూనెలో పడగానే ముదురుగా ఎర్రబడి, నూనె పీల్చి, నోటికి చేదు తగులుతుంది. క్షారం ఎక్కువైనప్పుడు బి1 విటమిన్ నశిస్తుంది కనుక, పప్పులు త్వరగా ఉడకాలని సోడా వేసే అలవాటు మంచిది కాదు.

ఆమ్లాన్ని కూడా సోడాతోపాటే డబ్బాలో పెట్టి అమ్మాలన్న ఆలోచన ఫలితమే బేకింగ్ పౌడర్. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ మందుల వ్యాపారి ఆల్ఫ్రెడ్ బర్డ్, ఈస్టు పడని తన భార్య కోసం 1843లో ఒక మిశ్రమాన్ని తయారు చేశాడు. ద్రాక్షసారా పీపాల అడుగున పేరుకొనే క్రీమ్ ఆఫ్ టార్టార్ అందులో ఆమ్లంగా ఉపయోగపడేది. లీబిగ్ శిష్యుడు, హార్వర్డ్ ఆచార్యుడు ఎబెన్ హార్స్‌ఫర్డ్ 1856లో దాని స్థానంలో కాల్షియం ఫాస్ఫేట్‌ను ప్రవేశపెట్టాడు. జర్మనీలో ఆగస్ట్ ఓట్కర్ 1891 నుంచి ఇంటివారికి సరిపడే చిన్న పొట్లాలలో దీనిని అమ్మి ప్రచారంలోకి తెచ్చాడు. డబ్బాలోని పొడిలో సోడా, ఆమ్లం ముందుగానే చర్య జరపకుండా తేమను పీల్చుకొనే మొక్కజొన్న పిండిని కలుపుతారు. నేడు దొరికే పౌడర్లలో ఎక్కువవాటిలో, తడి తగలగానే పనిచేసే ఆమ్లం ఒకటి, వేడి తగిలిన తరువాత పనిచేసే ఆమ్లం ఒకటి ఉంటాయి. మొదటిది పిండిలో బుడగలను నాటితే, రెండోది గోడలు గట్టిపడే సమయానికి వాటిని పెంచుతుంది.

బిస్కట్ పొట్లాల మీద 503(ii) అన్న సంఖ్యతో కనిపించేది అమ్మోనియం బైకార్బనేట్. ఇది వేడికి అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా పూర్తిగా విడిపోయి వెనక ఏమీ మిగల్చదు. పలుచని బిస్కట్టులోంచి అమ్మోనియా తేలికగా బయటికి పోతుంది, మందమైన కేకులో చిక్కుకొని ఘాటు వాసన వేస్తుంది. అందుకే దీనిని కేకులలో వాడరు. పూర్వం దీనికి దగ్గరి పదార్థాన్ని దుప్పి కొమ్ములను కాల్చి తీసేవారు.

గాలి, ఆవిరి

గిలకొట్టిన గుడ్డు తెల్లసొన, చక్కెరతో చిలికిన వెన్న పిండిలోకి గాలిని చేరవేస్తాయి. స్పాంజి కేకు పూర్తిగా గుడ్డు నురగ మీదనే ఆధారపడుతుంది. నీరు ఆవిరిగా మారినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది, కనుక పూరీ, పుల్కాలకు మరే పదార్థమూ అక్కరలేదు. బేకరీలలో దొరికే కర్రీ పఫ్ పొరలు విడివడి లేవడం కూడా ఆవిరి పనే: పిండి పొరల నడుమ పరచిన కొవ్వు పొరలను అతుక్కోకుండా ఉంచితే, ఆవిరి వాటిని ఒక్కొక్కటిగా ఎత్తుతుంది.

ఆలంకారిక అర్థం

పులిసిన పిండిలో మూడు గుణాలు ప్రాచీనులను ఆకర్షించాయి. అది కొంచెమే ఉండి మొత్తాన్ని మారుస్తుంది. కంటికి కనిపించకుండా పనిచేస్తుంది. పాత దాని నుంచి కొత్త దానికి సంక్రమిస్తుంది. పాలలో తోడు వేసి పెరుగు చేసుకొనే తెలుగువారికి ఈ మూడూ పరిచితమైనవే. ఈ గుణాలు మంచికీ వర్తిస్తాయి, చెడుకూ వర్తిస్తాయి కనుక, అలంకారం రెండు దారులుగా చీలింది.

యూదుల పస్కా పండుగలో ఇంట్లో పులిసిన పిండి అణువంత కూడా మిగలకుండా తీసివేస్తారు. ఐగుప్తు నుంచి తొందరగా బయలుదేరిన పూర్వీకులకు పిండి పులిసే వ్యవధి లేకపోయిందన్న నిర్గమకాండపు కథ దీనికి ఆధారం. పండుగ రొట్టెకు నీళ్లు కలిపిన క్షణం నుంచి కాల్చడం ముగిసేదాకా 18 నిమిషాలు మించరాదని తరువాతి ధర్మశాస్త్రం నిర్ణయించింది. ఈ ఆచారం వంటింటిలో తెచ్చే ఫలితాన్ని గమనించాలి: నిన్నటి నుంచి నేటికి అవిచ్ఛిన్నంగా వస్తున్న పిండి వంశం సంవత్సరానికి ఒకసారి తెగిపోయి, పండుగ తరువాత కొత్తగా మొదలవుతుంది. కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో పౌలు పాత పులిపిండిని తీసివేయమని సంఘాన్ని హెచ్చరించినప్పుడు, ఈ ఏటేటి ప్రక్షాళన ఆయన మనసులో ఉంది. యూద గురువులు మనిషిలోని దుష్ప్రేరణను ముద్దలోని పులుపుగా వర్ణించారు. రోమ్‌లో జూపిటర్ పూజారి పులిసిన పిండిని తాకరాదన్న నియమం ఉండేది, పులుపు కుళ్లు నుంచి పుట్టి తాను చేరినదాన్ని కూడా కుళ్లబెడుతుందని ప్లూటార్క్ దానికి కారణం చెప్పాడు. పారిస్ వైద్యుల భయం, లీబిగ్ వాదం ఈ భావనకు వారసులే.

ఈ నేపథ్యంలో మత్తయి సువార్తలోని ఉపమానం నాటి శ్రోతలను తప్పక ఉలిక్కిపడేటట్లు చేసి ఉండాలి. పరిసయ్యుల బోధను పులిసిన పిండి అని హెచ్చరించిన యేసే, ఒక స్త్రీ మూడు కొలతల పిండిలో దాచిన పులుపుతో పరలోక రాజ్యాన్ని పోల్చాడు. ఆ మూడు కొలతలు నేటి లెక్కలో 36 నుంచి 40 లీటర్ల పిండి, ఒక కుటుంబానికి కాదు, ఊరి విందుకు సరిపడేది. అశుద్ధానికి గుర్తుగా ఉన్న వస్తువును, ఆడవారి నిత్యపు పనిని తీసుకొని దైవరాజ్యానికి గుర్తుగా చేయడంలో ఆ ఉపమానం బలం ఉంది. 1964లో రెండో వాటికన్ మహాసభ వెలువరించిన లూమెన్ జెన్షియమ్ పత్రం, లోకం నడుమ జీవించే సామాన్య విశ్వాసులు లోపలి నుంచి పులిపిండిలా పనిచేయాలని చెప్పడం ఈ రెండో దారికి కొనసాగింపు.

ఈ భేదం క్రైస్తవ సంఘాలను విడదీసిన వివాదాలలో కూడా చేరింది. పవిత్ర బల్లలో లాటిన్ సంఘం పులియని రొట్టెను, గ్రీకు సంఘం పులిసిన రొట్టెను వాడేవి. ఓహ్రిద్ ఆర్చిబిషప్ లియో 1053లో లాటిన్ ఆచారాన్ని ఖండిస్తూ రాసిన లేఖ, మరుసటి ఏడు రోమ్, కాన్‌స్టాంటినోపుల్‌ల మధ్య వచ్చిన చీలికకు దారితీసిన కారణాలలో ఒకటి. పులుపు లేని రొట్టె ప్రాణం లేని శరీరమని తూర్పువారి వాదం. కేరళలోని త్రిశ్శూర్ కేంద్రంగా భారతదేశంలోనూ ఉన్న తూర్పు సిరియా సంఘం మరో అడుగు ముందుకు వేసి, యేసు చివరి భోజనం నాటి రొట్టె నుంచి పరంపరగా వచ్చిందని నమ్మే మల్కా అనే పవిత్రమైన పులిపిండిని ప్రతి ఏటా కొత్త పిండితో కలిపి కాపాడుకుంటుంది. పస్కా తెంచే వంశాన్ని మల్కా నిలుపుతుంది; రెండు ఆచారాలకూ మూలం పాత పిండి కొత్త పిండిని తనలా మారుస్తుందన్న ఒకే వంటింటి సత్యం.

భారతీయ తత్త్వశాస్త్రంలో పులియడమనే ఉపమానం వేరే ప్రశ్నకు సమాధానంగా వచ్చింది. సంస్కృతంలో కిణ్వమంటే సురను పులియబెట్టడానికి వాడే తోడు. కౌటిల్యుని అర్థశాస్త్రం సురాధ్యక్షుని అధికారాలు చెప్పే అధ్యాయంలో, మినప ముద్ద, బియ్యం, కొన్ని మూలికలు కలిపి కిణ్వాన్ని తయారు చేసే పాళ్లను ఇచ్చింది. పృథివి, జలం, అగ్ని, వాయువు అనే జడ భూతాల కలయిక నుంచే చైతన్యం పుడుతుందని, విడివిడిగా మత్తు లేని కిణ్వాది ద్రవ్యాలు కలిసినప్పుడు మదశక్తి పుట్టడమే దానికి దృష్టాంతమని చార్వాకులు వాదించారు. పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో ఈ వాదాన్ని నమోదు చేశాడు. సాంఖ్య సూత్రాలు దీనికి ఇచ్చిన సమాధానం సూక్ష్మమైనది: మదశక్తి ఆ ద్రవ్యాలలో ఒక్కొక్క దానిలోనూ కొద్దికొద్దిగా ముందే ఉంది కనుక కలయికలో వ్యక్తమవుతుంది, భూతాలలో ఒక్కదానిలోనూ చైతన్యం కనబడదు కనుక దృష్టాంతం కుదరదు. ఇరుపక్షాలూ ద్రవ్యాలను లెక్కించి వాదించాయి. మదశక్తి ద్రవ్యాలలో లేదని ఒకరు, ఉందని మరొకరు అన్నారు గాని, ఆ కుండలో పిండితోపాటు ప్రాణమున్న జీవి ఒకటి చేరి ఆ శక్తిని పుట్టిస్తున్నదని ఎవరికీ తెలియదు. ఆ సంగతిని కలుపుకొని చూస్తే చార్వాకుల దృష్టాంతం వారి వాదానికి ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే అచేతనం నుంచి చేతనం పుట్టడానికి వారు చూపిన ఉదాహరణలో మొదటి నుంచే ప్రాణం ఉంది.